బోనులో పడినదానికీ మనిషికి సోకినదానికీ మధ్య

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవికి ఆశీస్సులు.

ఎలుకల నుంచి మనుషులకు సోకగల వైరస్‌ల మీద నిఘా ఎలా సాగుతుందో చెబుతూ నువ్వు విజయవాడ నుంచి పంపిన వ్యాసం చదివాను. తెలుగులో దీని మీద రాసేవారు తక్కువ, అందుకు సంతోషమే. అయితే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన సంగతితో మొదలుపెట్టి, వరదల తర్వాత భయపెట్టే ఎలుక జ్వరాన్ని కూడా వైరస్‌ల జాబితాలో చేర్చేశావు. ఆ జ్వరానికి, అంటే లెప్టోస్పైరోసిస్‌కు, కారణం బాక్టీరియా, వైరస్ కాదు. ఆ పేరా ఎంత అందంగా వచ్చినా తీసెయ్యి.

ఇక అసలు విషయం. ‘ఎలుకల్లో ప్రాణాంతక వైరస్’ అని శీర్షిక పెట్టావు గానీ, ఎలుకలో దొరికినదేమిటో వ్యాసంలో ఎక్కడా లేదు. నిఘా బృందాలు మునిమాపువేళ బోనులు పెట్టి, ఎండెక్కకముందే తీసి, పడిన ప్రతి జంతువు జాతి, ఆడో మగో, బరువు రాసుకుని, నెత్తురు, ఊపిరితిత్తులు, మూత్రపిండాల నమూనాలను చల్లదనం చెడకుండా ప్రయోగశాలకు పంపుతాయి. నెత్తురులో యాంటీబాడీలు కనబడితే ఆ జంతువుకు ఎప్పుడో ఆ వైరస్‌గానీ దాని దాయాదిగానీ సోకిందని అర్థం. ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలో వైరస్ జన్యుపదార్థం దొరికితే వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందని అర్థం. ఈ రెంటిలో ఏదీ బోను పెట్టిన ఇంట్లో మనిషికి జబ్బు వచ్చిందని చెప్పదు. అందుకు జ్వరపడ్డవారి రక్తాన్ని విడిగా పరీక్షించాలి.

మన పొరుగునే ఉదాహరణ ఉంది. 1964లో తమిళనాడులోని వెల్లూరులో ఒక చుంచు నుంచి తొట్టపాళ్యం వైరస్‌ను వేరుచేశారు. (చుంచు ఎలుకలా కనబడినా ఎలుకల వర్గానిది కాదు, ఇదీ నీ వ్యాసంలో దిద్దుకోవాలి.) 1976లో కొరియాలో హో వాంగ్ లీ బృందం చారల పొలం ఎలుక ఊపిరితిత్తుల్లో హంటాన్ వైరస్‌ను కనిపెట్టిన తర్వాతే తొట్టపాళ్యం వైరస్ కూడా దానిలాగే హంటా వైరస్‌ల కుటుంబానిదేనని తేలింది. అయినా తొట్టపాళ్యం వైరస్ మనుషుల్లో రోగం తెస్తుందని ఇప్పటికీ స్థిరపడలేదు.

ఒక్క రాత్రి బోనులు పెట్టి లెక్క చెప్పడం నిఘా అనిపించుకోదు. 1993లో అమెరికా నైరుతి ప్రాంతంలో సిన్ నోంబ్రే అనే హంటా వైరస్ జనాన్ని పొట్టన పెట్టుకున్నప్పుడు, అంతకుముందు కురిసిన అధిక వర్షాలకు తిండి పెరిగి డీర్ మౌస్ అనే ఎలుకలు విపరీతంగా వృద్ధి చెందాయని చెప్పగలిగారంటే, ఆ ఎలుకల సంఖ్యను అక్కడ ముందునుంచీ ఎవరో ఓపికగా లెక్కిస్తూ ఉండబట్టే. కాబట్టి ఎన్ని బోనులకు ఎన్ని పడ్డాయి, ఏ నెలలో, ఎన్నింటిలో ఏమీ దొరకలేదు అనేవి అడిగి రాయి. పత్రికలవాళ్లకు ‘ఏమీ దొరకలేదు’ అన్నది వార్తగా ఆనదు, నువ్వు మాత్రం వదలకు. వరి కోతలయ్యాక కలుగుల్లోని ఎలుకలు ఎటు మళ్లుతాయో తెనాలి వైపు పొలాల్లో ఎలుకలు పట్టే బుట్టలు పెట్టేవారిని అడుగు. వాళ్లకు తెలిసినంత నాకూ తెలియదు, నీకూ తెలియదు.

చివర్లో ‘గోదాము శుభ్రంగా ఊడవాలి’ అని రాశావు. అది ప్రమాదకరమైన సలహా. ఎండిన మూత్రం, పెంటికలు ధూళిగా లేచి ఊపిరిలోకి పోవడమే హంటా వైరస్‌లు సోకే ముఖ్యమార్గం కనుక, ముందు తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చి, బ్లీచింగ్ కలిపిన నీళ్లు చల్లి నాననిచ్చి, చేతి తొడుగులు వేసుకుని తుడవాలి. మిర్చి గోదాముల్లో చీపురు పట్టేవారికి ఎవరైనా చదివి వినిపిస్తే అర్థమయ్యేంత తేలికగా ఆ భాగం తిరగరాసి, శీర్షిక మార్చి పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి