కడిగినా గరుకు పోని కారు: క్లే బార్ గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ క్లే బార్ గురించే, అంటే కారు రంగులో గుచ్చుకున్న పలుకులను లాగే ముద్ద గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది తెల్ల హ్యాచ్‌బ్యాక్. పగలంతా సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర పార్కింగ్‌లో ఉంటుంది. షాంపూతో కడిగి తుడిచినా బానెట్ మీద చెయ్యి వేస్తే గరగరలాడుతోంది. దగ్గరగా చూస్తే నారింజ రంగు చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. బాడీ తుప్పు పడుతోందా? క్లే బార్ వాడితే పోతుందంటున్నారు. ఇంట్లో చేసుకోవచ్చా?
– సీతాఫల్‌మండి పాఠకుడు

జవాబు: తుప్పు పడుతున్నది మీ కారు రేకు కాదు. పట్టాల మీద చక్రాలు, బ్రేకులు ఒరుసుకున్నప్పుడు లేచే ఇనుప రజను గాల్లోంచి వచ్చి కారు మీద వాలుతుంది. రోడ్డు మీద బండ్ల బ్రేకుల నుంచి, మీ బ్రేకుల నుంచి కూడా కొంత వస్తుంది. రంగు పైన ఉండే పారదర్శకమైన పొరను క్లియర్ కోట్ అంటారు. ఆ పొరలో రజను గుచ్చుకుని, తడి తగిలి తుప్పు పడుతుంది. మీకు కనిపిస్తున్న నారింజ చుక్కలు అవే. కారు తెల్లది కాబట్టి కనిపించాయి. బూడిద రంగుదైతే చేతికి తగలడమే తప్ప కంటికి ఆనవు. జీడిమెట్ల, బాలానగర్ వైపు గ్రైండింగ్, వెల్డింగ్ షెడ్ల పక్కన కార్లు నిలిపేవారికీ ఇదే బాధ.

షాంపూ పైపై దుమ్మును తీసుకుపోతుంది, గుచ్చుకున్నదాన్ని పీకలేదు. దానికే క్లే బార్. పేరుకు మట్టి గానీ ఇది సన్నని రాపిడి పొడి కలిపిన సింథటిక్ ముద్ద. జపాన్‌కు చెందిన తదావో కొదాతే 1995లో అమెరికాలో దీన్ని వంగే సానరాయిగా పేటెంట్ చేశారు. అంటే ఎంత మెత్తగా ఉన్నా ఇది అరగదీసే వస్తువే. తడి మీద జారుతూ వెళ్లి, ఉపరితలం నుంచి పైకి పొడుచుకుని ఉన్న పలుకులను తనలోకి లాక్కుంటుంది. తడి తగ్గినా, చెయ్యి బరువైనా క్లియర్ కోట్‌నే గీరుతుంది.

ముందు ఒక పరీక్ష. కడిగి ఆరబెట్టిన బానెట్ మీద, చేతికి పల్చని పాలిథిన్ కవర్ తొడుక్కుని వేళ్ల కొసలతో నిమరండి. ఉత్త చేతికి తెలియని పలుకు కూడా కవర్ మీంచి తెలుస్తుంది. నున్నగా జారితే బార్ విప్పకండి, అక్కడ దానికి పని లేదు. గరుకు తగిలిన చోటే పని.

100 గ్రాముల ఫైన్ గ్రేడ్ బార్ తీసుకోండి. హ్యాచ్‌బ్యాక్‌కు అందులో సగం సరిపోతుంది. మీడియం, హెవీ గ్రేడ్లు ఆ తర్వాత పాలిష్ చేయడానికి మెషీన్ ఉన్నవాళ్లకు. దానితోపాటు న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కాని) షాంపూ, ఐరన్ రిమూవర్ (ఇనుప రజనును కరిగించే ద్రవం), రెండు స్ప్రే బాటిళ్లు, ఉతికిన మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు, చివర్లో రంగుకు రక్షణ పూతగా వేయడానికి వాక్స్ గానీ సీలెంట్ గానీ ఉండాలి.

ఎండలో చేయకండి. సెల్లార్‌లో గానీ, పొద్దున్నే నీడలో గానీ పెట్టుకోండి. రేకు చేతికి చల్లగా తగలాలి. వేడి రేకు మీద స్ప్రే చూస్తుండగానే ఆరిపోతుంది, క్లే మరీ మెత్తబడి మరకలుగా అంటుకుంటుంది. డిసెంబరు పొద్దుల్లో దీనికి వ్యతిరేకం: ముద్ద గట్టిపడుతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి పిసికితే దారికి వస్తుంది.

కారును బాగా కడగండి. ఇసుక మిగిలితే క్లే దాన్ని కారంతా ఈడ్చుకుంటూ పోతుంది. కడిగాక, మీ కారుకైతే క్లే కన్నా ముందు ఐరన్ రిమూవర్ కొట్టండి. మూడు నుంచి ఐదు నిమిషాల్లో ఇనుము ఉన్న చోటల్లా ఊదా రంగు తిరిగి కిందికి కారుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, గాలి ఆడే చోట గ్లవ్స్ వేసుకుని చేయాలి. ఆరనివ్వకుండా కడిగేయండి. మీ గరుకులో చాలా భాగం ఇక్కడే పోతుంది. ఈ మెట్టు ఎగ్గొట్టి నేరుగా క్లేతో రుద్దేవాళ్లు ఎక్కువ. ఇనుప పలుకులన్నీ ముద్దలో చేరి రేకు మీద తిరుగుతాయి, గీతలు పడేది అలాగే. తారు మచ్చలుంటే తార్ రిమూవర్‌తో ముందే తుడిచేయండి. క్లేతో తారు తీయబోతే ముద్దకు ముద్ద పాడవడమే.

ఇప్పుడు జారుడుకు నీళ్లు. అర లీటరు ఫిల్టర్ నీళ్లలో ఒక టీస్పూన్ షాంపూ, అంటే 5 మిల్లీలీటర్లు. గిన్నెలు తోమే లిక్విడ్ వద్దు, కొన్ని రకాల క్లే దానికి చిట్లిపోతుంది. క్లేతో పాటు వచ్చే స్ప్రే ఉంటే అదే వాడండి. కారు మొత్తానికి అర లీటరు నుంచి లీటరు దాకా అవుతుంది. పొదుపు చేయాల్సిన చోటు ఇది కాదు.

50 గ్రాముల ముక్కను వేళ్లకు సరిపడే బిళ్లలా ఒత్తుకోండి. రెండడుగుల చదరం మేర స్ప్రే కొట్టండి, బిళ్ల మీద కూడా కొట్టండి. ముందుకూ వెనక్కూ తిన్నగా జరపండి, గుండ్రంగా తిప్పకండి. బిళ్ల జారిపోకుండా పట్టుకునేంత బలం చాలు. మొదట పట్టి పట్టి వెళుతుంది, సన్నగా గర్రుమన్న చప్పుడు వస్తుంది. నాలుగైదు సార్లు తిరిగేసరికి చప్పుడు ఆగి, చేతి కింద ఏమీ లేనట్టు జారుతుంది. ఆ చదరం అయినట్టే. తుడిచి, కవర్ పెట్టి నిమిరి చూసి పక్కకు వెళ్లండి. మధ్యలో బిళ్ల పట్టేసినట్టు ఆగిందంటే తడి చాలలేదని అర్థం, ఇంకా స్ప్రే కొట్టండి.

ప్రతి చదరానికీ బిళ్లను తిప్పి చూడండి. గోధుమ రంగో నల్లదనమో తేలితే లోపలికి మడిచి, పిసికి, కొత్త ముఖం పైకి తెచ్చుకోండి. ఎంత మడిచినా బూడిద రంగే వస్తుంటే ఆ ముక్క పని అయిపోయింది. రూఫ్‌తో మొదలుపెట్టి బానెట్, డిక్కీ, డోర్ల పైభాగం చేయండి. డోర్ల అడుగు భాగం, వెనక బంపర్ చివరికి. మురికంతా అక్కడే ఉంటుంది, దానికి విడి ముక్క పెట్టుకుంటే మేలు.

అంతా అయ్యాక మరోసారి కడిగి ఆరబెట్టి, అదే రోజు వాక్స్ వేయండి. పాత వాక్స్ క్లేతో పాటే పోయి ఉంటుంది, రంగు ఉత్తగా మిగులుతుంది. మొత్తం పనికి ఒక పూట పడుతుంది. మీ పార్కింగ్ మారకపోతే ఆరు నెలలకోసారి, లేదంటే ఏడాదికోసారి చాలు.

ప్రశ్న: నల్ల ఎస్‌యూవీకి క్లే చేశాను. చెయ్యి వేస్తే గాజులా నున్నగా ఉంది కానీ ఎండలో చూస్తే బానెట్ నిండా సన్నని గీతలు. అంతకుముందున్న గీతలు కూడా అలాగే ఉన్నాయి. బార్ నకిలీదా?
– మణికొండ పాఠకుడు

జవాబు: బార్ దాని పని అది చేసింది. చేతికి తగిలేది క్లేతో పోతుంది, కంటికి మాత్రమే కనిపించేది పోదు. గీత అంటే క్లియర్ కోట్‌లో పడిన గాడి. ఉపరితలం మీద జారే ముద్ద గాడిలోకి దిగదు. ఆ పని పాలిష్‌ది.

ఇక కొత్త గీతలు. వరుసగా, మీ చెయ్యి తిరిగిన దిశలోనే ఉంటే అవి క్లే వల్ల పడ్డవే. తడి తక్కువవడమో, నొక్కడమో, ముద్దను మడవకపోవడమో, మీడియం గ్రేడ్ వాడడమో కారణం. గుండ్రంగా సాలెగూడులా ఉంటే మాత్రం అవి రోజువారీ తుడుపువి. అపార్ట్‌మెంట్లలో ఒకే గుడ్డ, ఒకే బకెట్ నీళ్లతో పది కార్లు తుడుస్తారు. దుమ్ము మీద పొడి గుడ్డ కొట్టే అలవాటూ ఉంది. క్లేతో దుమ్ము పొర పోయి మెరుపు వచ్చేసరికి పాత గీతలు బయటపడతాయి. నల్ల రంగు ఏదీ దాచదు.

ఫినిషింగ్ పాలిష్‌ను ఫోమ్ ప్యాడ్‌తో, వీలైతే డ్యూయల్ యాక్షన్ (తిరుగుతూనే అటూ ఇటూ ఊగే) పాలిషింగ్ మెషీన్‌తో, ముందు ఒక మూల ప్రయత్నించండి. గీతలు లేచిపోతే మిగతాది చేయండి. క్లియర్ కోట్ మందం సుమారు 40, 50 మైక్రాన్లే, కాబట్టి గట్టి కంపౌండ్‌తో, అంటే ఎక్కువగా అరగదీసే పాలిష్‌తో, మొదలుపెట్టకండి. గోరుకు తట్టే గీత జోలికి అసలు వెళ్లకండి.

ప్రశ్న: మా బ్లాక్‌కు బయట రంగులు వేస్తూ కార్ల మీద చినుకుల్లా చల్లారు. థిన్నర్ గుడ్డతో తుడిస్తే పోతుందని పెయింటర్ అంటున్నాడు.
– దిల్‌సుఖ్‌నగర్ పాఠకురాలు

జవాబు: తుడవనివ్వకండమ్మా. ఫ్యాక్టరీ రంగు కాసేపు తట్టుకున్నా, ఎప్పుడైనా డెంటింగ్ పెయింటింగ్ చేయించిన భాగం, నల్ల ప్లాస్టిక్ బీడింగులు, హెడ్‌ల్యాంపులు థిన్నర్‌కు పాడవుతాయి.

పడింది ఏమిటో ముందు తేల్చుకోండి. బయటి గోడల ఎమల్షన్ నీటి రంగు. వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను పది నిమిషాలు పరిచి ఉంచితే చుక్కలు మెత్తబడతాయి, గోటితో కాకుండా గుడ్డతోనే తుడవండి. మిగిలిన సన్నని తుంపరకు పైన చెప్పినట్టే క్లే. గ్రిల్స్‌కు వేసే ఎనామిల్ తుంపర అయినా క్లేతోనే వస్తుంది, ఓపిక ఎక్కువ కావాలి, ముద్దను తరచుగా మడవాలి. పప్పు గింజంత మందంగా పడ్డ బొట్లను మాత్రం క్లే తీయలేదు, అవి డీటైలింగ్ సెంటర్ పని.

సున్నం, సిమెంటు చిందితే దారి వేరు. వాటి మీద క్లే పెడితే ఇసుకతో రుద్దినట్టే. ధారగా నీళ్లు పోసి, వెనిగర్‌లో సమంగా నీళ్లు కలిపి తడిపి, కరిగాక కడగండి. సున్నం క్షారం, రంగును తింటుంది, కాబట్టి ఆదివారం దాకా ఆగకండి.

ప్రశ్న: బోరు నీళ్లతో కడుగుతాం. అద్దాల మీద, రూఫ్ మీద తెల్ల గుండ్రాలు. క్లేతో పోతాయా?
– మియాపూర్ పాఠకుడు

జవాబు: తాజా మరకలైతే కొంత వరకు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీటి బొట్టు ఎండితే అవి గుండ్రంగా మిగిలిపోతాయి. వెనిగర్, మంచినీళ్లు సగం సగం కలిపి, చల్లని రేకు మీద తడి గుడ్డతో ఒకటి రెండు నిమిషాలు పెట్టి కడిగేయండి. తర్వాత కూడా గరుకుంటే క్లే. నున్నగా ఉండి గుండ్రం మాత్రం కనిపిస్తుంటే లవణం క్లియర్ కోట్‌ను తిని గుంట చేసిందన్నమాట, అది పాలిష్‌తో తప్ప పోదు. బాత్‌రూమ్ యాసిడ్ ప్రయోగాలు చేయకండి.

ఇంకో మాట. ఆర్‌ఓ మెషీన్ బయటికి వదిలే నీళ్లను పట్టి కారు కడిగేవారున్నారు. నీళ్లు వృథా కాకూడదన్న ఆలోచన మంచిదే, కానీ మెషీన్ వడకట్టిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. బోరు నీళ్ల కన్నా అవే ఎక్కువ మరకలు చేస్తాయి. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి వాడుకోండి. కారుకు చివరి రెండు మగ్గులు నల్లా నీళ్లో ఫిల్టర్ నీళ్లో పోసి వెంటనే తుడిచేస్తే చాలు.

ప్రశ్న: బార్ చేతిలోంచి జారి సెల్లార్ నేల మీద పడింది. కడిగి వాడొచ్చా?
– తార్నాక పాఠకుడు

జవాబు: వద్దు. ముద్దలో దిగిన ఇసుక కడిగితే రాదు. అందుకే 100 గ్రాముల బార్‌ను ముందే రెండు ముక్కలు చేసుకోమంటాం. చెయ్యి జారే అలవాటుంటే క్లే మిట్ (చేతికి తొడుక్కునే తొడుగు) కొనుక్కోండి, దాని ముఖం రబ్బరు లాంటి పాలిమర్, పడినా కడుక్కోవచ్చు. పని తొందరగా అవుతుంది కానీ ఫైన్ బార్ కంటే కాస్త ఎక్కువ గీతలు పెడుతుంది. తెల్ల, సిల్వర్ కార్లకు ఫర్వాలేదు, నల్లదానికి మేం సిఫారసు చేయం.

ప్రశ్న: సిరామిక్ కోటింగ్ (రంగు మీద వేసే గట్టి రక్షణ పొర) ఉన్న కారుకు, కొత్తగా పెయింట్ చేయించిన డోరుకు, మెరుపు లేని మ్యాట్ ఫినిష్‌కు క్లే చేయవచ్చా? ముందు అద్దం సంగతి?
– పలువురు

జవాబు: మ్యాట్‌కు ఎప్పుడూ వద్దు, రుద్దిన చోట మెరుపు వచ్చి మచ్చలా నిలిచిపోతుంది. సిరామిక్ కోటింగ్‌ను క్లే అరగదీస్తుంది, దానికి ఐరన్ రిమూవర్‌తో ఆపండి. కొత్త పెయింట్ పూర్తిగా గట్టిపడేదాకా, కనీసం రెండు మూడు నెలలు, ముట్టుకోకండి. అద్దానికి మాత్రం నిశ్చింతగా చేయండి. వైపర్ కటకటలాడడం చాలాసార్లు బ్లేడు తప్పు కాదు, అద్దానికి పట్టిన చెట్టు జిగురు, పొగ జిడ్డు. బాడీకి వాడి పక్కన పెట్టిన ముక్కలో ఇసుక లేకపోతే అద్దానికి అదే సరిపోతుంది. అద్దానికి వాడిన ముక్కను మళ్లీ రంగు మీదికి తేకండి. మిగిలిన శుభ్రమైన ముక్క మీద స్ప్రే చల్లి, మూత గట్టిగా పట్టే డబ్బాలో నీడన పెట్టండి. ఎండిపోయి పగుళ్లిచ్చిందంటే పారేయండి.