స్టీరింగ్ పట్టుకుంటే మనిషి మారిపోతున్నాడు

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. ఏడాది క్రితం లైసెన్సు వచ్చింది. మంచివాడే, కానీ కారెక్కితే ఆగడు. మొన్న వాడి ఫోన్‌లో ఒక వీడియో చూశాను. స్పీడోమీటర్ ముల్లు 140 మీద ఉంది, వెనక సీట్లో ఫ్రెండ్స్ కేకలు. అడిగితే "నాకు కంట్రోల్ ఉందమ్మా" అంటాడు. చిన్న రేసు బళ్లు (కార్ట్‌లు) నడిపే కార్టింగ్ ట్రాక్‌కి పంపితే సరదా తీరిపోతుందని మా తమ్ముడు, ఉన్న పిచ్చి ముదురుతుందని మావారు. నాకేమో టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ఆ వీడియోలో నన్ను ముల్లు కంటే ఎక్కువ భయపెట్టింది వెనక సీటు. ఒంటరిగా వెళ్లేటప్పటి కంటే ఈడువాళ్లు పక్కనున్నప్పుడు కుర్ర డ్రైవర్లకు ప్రమాదం ఎక్కువని పరిశోధనల్లో చాలాసార్లు తేలింది. రాత్రిపూట ఇంకా ఎక్కువ. అందుకని ముందు ఒక్క షరతు పెట్టండి: కొన్ని నెలలు కారులో ఫ్రెండ్స్ ఎక్కకూడదు, చీకటి పడ్డాక తాళం ఇంట్లోనే ఉండాలి. అలుగుతాడు. అలగనివ్వండి.

కంట్రోల్ మాటకు వాదన పెట్టుకోకండి, లెక్క వెయ్యమనండి. 140 స్పీడులో కారు సెకనుకు దాదాపు 39 మీటర్లు పోతుంది. అడ్డం వచ్చినదాన్ని కన్ను చూసి, కాలు బ్రేకు తొక్కేసరికి సెకను, సెకనున్నర పడుతుంది. అంటే బ్రేకు ఇంకా పడకముందే 40 నుంచి 60 మీటర్లు అయిపోతాయి. తొక్కాక బండి ఆగే దూరం 70 స్పీడుతో పోలిస్తే రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ఎంత చెయ్యి తిరిగిన డ్రైవరుకైనా ఇదే లెక్క.

ఇక ట్రైనింగ్. జారే రోడ్డు మీద బండి తిప్పడం నేర్పే కోర్సుల జోలికి ఇప్పుడే వెళ్లకండి. నార్వేలో అలాంటి శిక్షణ పొందిన కుర్రాళ్ల ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. నేర్పు కంటే ధీమా ముందు పెరిగిపోవడమే కారణమంటారు. మీవాడికి ధీమా ఎటూ కొదవలేదు! మామూలు రోడ్డు మీద పక్కన కూర్చుని, కనిపించేదంతా పైకి చెప్పించే శిక్షకుణ్ణి వెతకండి. "ముందు బస్సు ఆగింది, దాని ముందునుంచి ఎవరైనా దాటొచ్చు, కాలు యాక్సిలరేటర్ మీంచి తీస్తున్నా" - ఇలా నోటితో చెబుతూ నడిపేవాడికి స్పీడు పెంచాలని అంతగా అనిపించదు. ఇది మావారు కూడా చేయించొచ్చు కదా అంటారా, భేషుగ్గా చేయించొచ్చు, ఆయన అరవకుండా ఉండగలిగితే.

ట్రాక్ విషయంలో నాది మీ తమ్ముడి మాటే. అక్కడ హెల్మెట్ ఉంటుంది, అందరూ ఒకే దిక్కుకు పోతారు, రోడ్డు దాటే ముసలమ్మ ఉండదు. కార్ట్ నేలకు ఆనుకున్నట్టే ఉంటుంది కాబట్టి 50 స్పీడే 100లా అనిపిస్తుంది. పసుపు జెండా ఊపితే ఓవర్‌టేక్ మానాలి, మానకపోతే బయటికి పంపేస్తారు. అమ్మ మాట వినని పిల్లలు ఆ జెండా మాట వింటారు. అయితే మీవారి భయమూ ఉత్తదేం కాదు. ట్రాక్ నుంచి వచ్చేటప్పుడు చేతులు ఇంకా దురద పెడుతుంటాయి. ఆ రోజు ఇంటికి బండి వేరేవాళ్లు నడపాలి. ఇంటి కారును మాత్రం ట్రాక్ మీదకు తీసుకెళ్లనివ్వకండి, చాలా బీమా పాలసీలు దానికి వర్తించవు.

ఒకటి గమనించండి. వాడు సరదాకు తోలుతున్నాడా, ఇంట్లో గొడవ అయిన రోజునే తోలుతున్నాడా? రెండోదైతే ట్రాక్ పనిచెయ్యదు. కోపంగా ఉన్నప్పుడు ముందు తాళం తీసుకోండి, తర్వాత మాట్లాడండి, అవసరమైతే కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి.

స్పీడు దాటితే మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చే పరికరం కారులో పెట్టించొచ్చు. వాడికి చెప్పే పెట్టండి, దొంగచాటుగా వద్దు. మెసేజ్ వస్తే ఎన్నాళ్లు తాళం ఇవ్వరో కూడా ముందే చెప్పి ఉంచండి.