సేంద్రియ ఆహారం తింటే పిల్లలు మరింత ఆరోగ్యంగా ఉంటారా?

సేంద్రియ ఆహారం వల్ల పిల్లల శరీరంలోకి చేరే పురుగుమందుల అవశేషాలు తగ్గుతాయన్నది నిజమే గాని, అందువల్ల వారు మిగతా పిల్లలకంటే ఆరోగ్యంగా ఎదుగుతారని ఇంతవరకు రుజువు కాలేదు.

పిల్లల గురించే ఈ ఆందోళన ఎక్కువగా ఉండటానికి కారణం లేకపోలేదు. శరీర బరువుతో పోల్చి చూస్తే వారు పెద్దలకంటే ఎక్కువ ఆహారం తీసుకుంటారు, పైగా వారి మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 23 మంది పిల్లలకు 5 రోజుల పాటు సేంద్రియ ఆహారం పెట్టి పరీక్షించినప్పుడు, మలాథియాన్, క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందుల ఆనవాళ్లు వారి మూత్రంలో దాదాపు కనిపించకుండా పోయాయి. పాత ఆహారానికి మారగానే మళ్లీ కనిపించాయి. అయితే ఆ పరీక్షలో కొలిచింది అవశేషాలనే గాని ఆరోగ్యాన్ని కాదు. విటమిన్లు, ఖనిజాల విషయంలో రెండు రకాల ఆహారానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

సేంద్రియమంటే మందే కొట్టనిదని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. రాగి సమ్మేళనాలు, చామంతి జాతి పూల నుంచి తీసే పైరెత్రిన్ల వంటివి ఆ సాగులోనూ వాడతారు; కనుక ఏ పండునైనా కుళాయి ధార కింద చేత్తో రుద్ది కడిగాకే పిల్లలకు ఇవ్వాలి. ఇంతకంటే హాని చేసేది, సేంద్రియం దొరకనప్పుడు పండ్లు, కూరగాయలు తగ్గించడమే మేలనుకోవడం. అలా తగ్గిస్తే పిల్లలకు అందవలసిన పీచు, విటమిన్లు అందకుండా పోతాయి. సేంద్రియ బిస్కెట్‌లో ఉన్నా చక్కెర చక్కెరే కాబట్టి, దానితో ఆ లోటు తీరదు.