పరీక్ష చేయించుకుంటే విశ్వాసం తగ్గిపోదు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఊరు. అమ్మకు 61 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ మాత్రలు వాడుతోంది. మొన్న ఉపవాస కూటాల్లో స్వస్థత కలిగిందని మాత్రలు ఆపేసింది. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం కూడా చెప్పింది. వేసుకోమంటే 'నీకు విశ్వాసం లేదు' అంటోంది. అన్నయ్యదీ అదే మాట. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: సహోదరీ, అసలు చిక్కు ఆ సాక్ష్యం దగ్గరుంది. సంఘమంతా స్తోత్రం చెప్పాక మళ్లీ మాత్ర వేసుకోవాలంటే, దేవుడి ముందు అబద్ధమాడినట్టు ఉంటుంది మీ అమ్మగారికి. స్వస్థత నిజమా కాదా అని మీరు వాదించేకొద్దీ ఆవిడ ఇంకా పట్టుబడతారు. ఆ వాదన వదిలేయండి. పరీక్ష ఒక్కటే అడగండి, అదీ ఆవిడ బైబిల్ పట్టుకునే.

మత్తయి 8వ అధ్యాయంలో యేసు కుష్ఠరోగిని ముట్టి బాగుచేశాడు. వెంటనే, వెళ్లి యాజకుడికి చూపించుకో అన్నాడు. ధర్మశాస్త్రం ప్రకారం ఒళ్లంతా చూసి రోగం పోయిందో లేదో తేల్చేది యాజకుడే. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులకూ అదే మాట చెప్పాడు. ప్రభువు ముట్టి బాగుచేసినవాడే వెళ్లి చూపించుకోవాల్సి వస్తే, అమ్మగారు ల్యాబ్‌కు వెళ్లడంలో తప్పేముంది? జబ్బుపడిన హిజ్కియా రాజుకు దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పొడిగించాడు. అయినా యెషయా ప్రవక్త ఆయన పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. అంతెందుకు, మీ గుంటూరుకు 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ మిషనరీయే, డాక్టరూ ఆవిడే.

ఇక ఆలస్యం చేయకండి. షుగర్ పెరిగినా చాలాసార్లు పైకి తెలియదు, 'నాకు బాగానే ఉంది' అన్న మాట లెక్కలోకి రాదు. పరగడుపున, తిన్నాక రెండుసార్లూ చూపించండి. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష రెండు మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది. మాత్రలు ఆపి కొద్ది రోజులే అయితే అది ఇంకా బాగానే కనిపించవచ్చు, దాన్నొక్కదాన్నే చూసి సంబరపడొద్దు. విపరీతమైన దాహం, వాంతులు, మగత కనిపిస్తే మాత్రం నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాత మాత్రలు కాఫీలో కలిపి ఇచ్చే ఆలోచన ఉంటే మానుకోండి. డోసు ఎంతో డాక్టరు చెప్పాలి. పైగా ఆ సంగతి బయటపడిందంటే అమ్మగారు మిమ్మల్ని ఇక నమ్మరు.

మీ పాస్టరు అయ్యగారిని విడిగా కలవండి. మీరే మాన్పించారా అని నిలదీయకుండా, ఒకసారి డాక్టరుకు చూపించుకోమని అమ్మతో చెప్పండయ్యా అని అడగండి. ఆయన ఒక్క మాట మీ పది మాటల పెట్టు. ఆయన కుదరదంటే, సంఘంలో ప్రార్థనా మానకుండా షుగర్ మాత్రలూ మానకుండా ఉన్న పెద్దావిడను ఎవరినైనా పట్టుకోండి. ప్రతి సంఘంలోనూ ఉంటారు.

అన్నయ్యతో గొడవ పెట్టుకోకండి. అమ్మగారిని ల్యాబ్‌కు తీసుకెళ్లే పని అతనికే అప్పజెప్పండి, రిపోర్టు తెచ్చేదీ అతనే కావాలి.