చీని తోట దారికి వీ-క్రాస్‌ను నాలుగంగుళాలు లేపించాలా?

మీరు అడిగింది ఇదీ: పులివెందుల దగ్గర చీని తోట, పోయే దారిలో రెండు వంకలు, ఒక రాళ్ల గుట్ట. సెకండ్ హ్యాండ్‌లో ఇసుజు వీ-క్రాస్ ఫోర్ బై ఫోర్ పికప్ కొన్నారు, అడుగు రాళ్లకు తగులుతోంది. బండిని స్ప్రింగుల దగ్గర ఎత్తు చేసే నాలుగంగుళాల లిఫ్ట్ కిట్టు, పెద్ద టైర్లు వేయిస్తే సరిపోతుందా, దానికి బెంగళూరు పోవాల్సిందేనా అని. నాకూ అదే బండి, మాది తాడిపత్రి నుంచి లోపలికి పోయే పల్లె. నన్నడిగితే నాలుగు వద్దు. రెండంగుళాల లోపు చాలు, అదీ మిగతావన్నీ అయ్యాక.

రూపాయి ఖర్చు పెట్టకముందు పొద్దున్నే బండి కింద గోనెపట్ట పరుచుకుని, టార్చి పట్టుకుని దూరండి. ఏది తగులుతోందో గీతలే చెప్తాయి. నా బండిలో అన్నిటికంటే ఎక్కువ గీతలు ఫుట్‌బోర్డు పైపులకే కనపడినాయి. అందం కోసం బిగించుకునే ఆ పైపులు ఛాసిస్ కంటే కిందికి వేలాడుతుంటాయి. పానా పట్టి విప్పేస్తే పక్కల్లో దండిగా ఎత్తు దొరికింది. అమ్మ ఎక్కడానికి ఇబ్బంది పడుతుందని వెనక ట్రేలో ఒక పీట వేసుకున్నాం, అంతే.

గీతలు మధ్యలో, గేర్‌బాక్సు దగ్గర ఉంటే కథ వేరు. వీ-క్రాస్‌కు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య మూడు మీటర్ల పైనే దూరం. 2020లో వచ్చిన థార్‌కు అది 2,450 మిల్లీమీటర్లే. అందుకే థార్ దాటిపోయిన గట్టు మీద మన బండి కడుపు ఆనుకుని కూర్చుంటుంది. లిఫ్ట్ దీనికి కొంత పనికొస్తుంది, కాదనను. కానీ మీ తోట దారి మీదే కదా, వంక గట్టును జేసీబీతో అరగంట చెక్కిస్తే లిఫ్ట్ కిట్టుతో కాని పని అయిపోతుంది. మధ్యలో తగిలే చోట మందపాటి ఇనుప స్కిడ్ ప్లేటు వేయించండి. తగిలినా రాయి మీద జారిపోతుంది, ఆయిల్ సంపు పగలదు.

ఇక గీతలు వెనక యాక్సిల్ మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ గుండు (ఇంజను శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) మీద ఉంటే, ఏ లిఫ్ట్ కిట్టూ మీకు అక్కరకు రాదు. కిట్టు అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. కమాన్ కట్టలు యాక్సిల్ మీద కూర్చుని ఛాసిస్‌ను పైకి లేపుతాయి, యాక్సిల్ మాత్రం చక్రాలతో పాటు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే. అదీ ఎంత? బండికి 245/70 ఆర్16 టైర్లు ఉన్నాయనుకుందాం, వాటి ఎత్తు సుమారు 749 మిల్లీమీటర్లు. 265/70 ఆర్16 వేస్తే 777. తేడా 28, అందులో యాక్సిల్ కిందికి వచ్చేది సగం, అంటే 14 మిల్లీమీటర్లు. చిటికెన వేలు మందం. దానికి బదులుగా బరువైన టైరు, పడిపోయే మైలేజీ, మీటరు 100 చూపిస్తే నిజంగా 104 మీద పోవడం. అయినా టైర్లకు నేను డబ్బు పెడతాను, ఎత్తు కోసం కాదు, పక్కగోడ గట్టిగా ఉండే ఆల్ టెర్రెయిన్ టైరు కోసం. మన గుట్టల మీది పదునైన రాళ్లకు మామూలు హైవే టైరు పక్కల్లోనే కోసుకుపోతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా లేపాలనిపిస్తే, ముందు భాగం గురించి ముందు ఆలోచించండి. వీ-క్రాస్‌కు ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, డబుల్ విష్‌బోను, కాయిల్ స్ప్రింగు. అంటే ఒక్కో చక్రాన్నీ పైనొకటి, కిందొకటి రెండు ఆర్ములు విడిగా పట్టుకుని ఉంటాయి. ఎంత లేపితే అంతగా ఆర్ములు కిందికి వాలతాయి, యాక్సిల్ షాఫ్టు ఏటవాలుగా తిరుగుతుంది. రెండంగుళాల దాకా కంపెనీ ఆర్ములు ఏదోలా సర్దుకుంటాయి. ఆపైన సీవీ జాయింటు (ఆ షాఫ్టు చివర కీలు) మీది రబ్బరు బూటు చిరుగుతుంది, గ్రీసు బయటికొస్తుంది, మట్టి లోపలికి పోతుంది. క్యాంబర్, క్యాస్టర్ అనే చక్రాల వాలు కోణాలు సరిచేయడానికి అలైన్‌మెంట్ మిషన్‌కు జాగా మిగలదు, పై ఆర్ములు కూడా మార్చాల్సి వస్తుంది. చక్రం కిందికి దిగడానికి సందు లేక ప్రతి బ్రేకరు దిగేటప్పుడు టక్కుమంటుంది. స్ప్రింగు మీద పెట్టే, చవకగా దొరికే స్పేసరు దిమ్మలు చేసేది ఇంతే, స్ప్రింగు పాతదే, షాకు పాతదే. పెడితే స్ప్రింగులు, షాకులు జోడీగా వచ్చే సెట్టే పెట్టండి.

వెనక వైపు మన దగ్గర లారీ కట్టల మేస్త్రీలకు బాగా తెలిసిన పని కమాన్ కట్టలో ఇంకో ప్లేటు ఎక్కించడం. తాడిపత్రి సిమెంటు, బండల లారీలతో చేయి తిరిగిన మనుషులు వాళ్లు, పనిలో వంక పెట్టలేం. కానీ "ఎందుకైనా మంచిదన్నా" అని లారీ లెక్కన గట్టి ప్లేటు వేసేస్తారు. డీఏపీ బస్తాలు పది, అంటే అర టన్ను ట్రేలో ఉన్నప్పుడు బండి దర్జాగా నిలబడుతుంది. ఖాళీగా వచ్చేటప్పుడు వీపు విరుగుతుంది. అంతకంటే ముఖ్యం, గట్టి కట్ట వంగదు. రాళ్లలో ఒక చక్రం పల్లంలోకి దిగాల్సిన చోట గాల్లోనే ఉండిపోతుంది. డిఫ్ లాక్ (రెండు పక్కల చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు) లేని బండికి ఎదురెదురు మూలల చక్రాలు రెండూ లేస్తే అవే గిర్రున తిరుగుతాయి, నేల మీదున్న రెండూ కదలవు. ఎత్తు పెరిగిన బండి పాత ఎత్తులో ఎక్కిన గుట్టను ఎక్కలేకపోవడం ఇందుకే.

కట్టకూ యాక్సిల్‌కూ మధ్య ఇనుప దిమ్మ పెట్టి లేపే పద్ధతి ఇంకొకటి ఉంది. మా పక్కూరాయన బండికి ఒక షాపులో అలా చేసి కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే పాత యూ-బోల్టులే తిరిగి బిగించారు. ఒకసారి సాగిన యూ-బోల్టు మళ్లీ అంత గట్టిగా పట్టదు. నట్ల చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తుంటే మన ఎర్రమట్టే అనుకున్నాడాయన. అది మట్టి కాదు, ఇనుము ఇనుముతో రాసుకుని రాలిన తుప్పు. యాక్సిల్ ఒక పక్క వెనక్కి జరిగింది, బండి రోడ్డు మీద ఓరగా పరిగెత్తేది. కొత్త యూ-బోల్టులు వేయించండి, ఓ 500 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించండి. ఛాసిస్‌కు జాకీ పెట్టి చక్రాలు పూర్తిగా వేలాడేట్టు లేపి బ్రేకు పైపు, ఏబీఎస్ వైరు బిగుసుకుపోతున్నాయేమో చూడండి. ఇది మాత్రం మేస్త్రీకి వదలొద్దు, మీరే దగ్గరుండి చూసుకోండి.

వంకలో ఇసుక సంగతికి లిఫ్ట్ అక్కర్లేదు, గాలి తగ్గించడమే మందు. రోడ్డు మీద 32 పీఎస్‌ఐ ఉంటే పాపాఘ్ని ఇసుకలోకి దిగేముందు 18కి దించండి, టైరు పొడుగ్గా పరుచుకుని ఇసుకలోకి దిగబడదు. బయటికి రాగానే నింపుకోవడానికి చిన్న కంప్రెసరు బండిలో ఉండాల. వాన పడిన నల్లరేగడిలో మాత్రం ఏదీ పని చేయదు. టైరు పట్టంతా బంక మట్టి నిండి నున్నగా అయిపోతుంది. సాయంత్రం దాకా ఆగడం మేలు. ఇంటికొచ్చాక రిమ్ముల లోపలి మట్టి కడగకపోతే హైవే మీద 80 దాటగానే స్టీరింగు వణుకుతుంది, అలైన్‌మెంట్ పోయిందని ఊరికే కంగారు పడతారు.

ఆర్టీవో సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పెట్టారు. నాలుగంగుళాలు లేచిన బండి దూరం నుంచే కనపడుతుంది. యాక్సిడెంటు జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు పట్టుకునేదీ దాన్నే. ముందు బంపరుకు బిగించే ఇనుప కడ్డీల బుల్ బార్ గురించి ఆలోచనే వద్దు, 2017 డిసెంబరులోనే దాన్ని నిషేధించారు.

బెంగళూరు విషయానికొస్తే, కట్టల పని ఇక్కడే అవుతుంది. ముందు స్ప్రింగులు మార్చితే మాత్రం ఫోర్ బై ఫోర్ పికప్‌లు చూసిన చేతికివ్వండి, అలైన్‌మెంట్ కూడా అక్కడే చేయించుకుని కాగితం మీద రీడింగు తీసుకోండి. పోయేముందు ఖాళీ బండిని సమంగా ఉన్న నేల మీద ఆపి, నాలుగు చక్రాలకూ హబ్బు మధ్య నుంచి పైన ఫెండరు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. సెకండ్ హ్యాండ్ బండి కదా, పాత ఓనరు ఇప్పటికే ఏదైనా ఎక్కించి ఉండొచ్చు, ఒక పక్క కట్ట కుంగి కూడా ఉండొచ్చు. ఆ కొలతలూ, ట్రేలో మామూలుగా ఎంత బరువేస్తారో కింద రాయండి, ఎలాంటి స్ప్రింగు సరిపోతుందో చూసి చెప్తాను.