డ్రమ్ సీడర్ వరికి సభలో అందరూ తలూపారు, వేసేవాళ్లు లేరు: సమాధానం

డ్రమ్ సీడర్‌తో (మొలకెత్తిన విత్తనాన్ని ఊడ్పు లేకుండా నేరుగా చేలో వరుసల్లో వేసే పరికరం) వరి వేయమని సభ పెడితే అందరూ తలూపారు గానీ ఎవరూ వేయలేదు, ఏం చేయాలని అడిగారు. లోటు సమాచారంలో లేదండి, తోడులో ఉంది. మీ సభకు వచ్చిన కోనసీమ రైతులంతా "ముందు ఎవరైనా వేస్తే చూద్దాం" అని ఆగిపోయారు.

అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న రైతుల్లో ఎలా వ్యాపించిందో చూస్తూ రయాన్, గ్రాస్ అనే పరిశోధకులు 1943లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. కబురు ఎక్కువగా విత్తనాలు అమ్మేవాళ్లు చేర్చారు, నమ్మకం మాత్రం ఇరుగుపొరుగు రైతుల వల్ల కుదిరింది.

1. సార్వాలో (ఖరీఫ్) వద్దు, ముంపు భయం. దాళ్వాలో (రబీ) మొదలుపెట్టండి.

2. చాలామంది తప్పేది ఇక్కడే: ఊరికొకరి చేత వేయిస్తారు. ఒంటరిగా వేసినవాడికి గట్టు మీద నిలబడ్డ ప్రతివాడూ భయం చెబుతాడు. మరుసటి పంటకు అతను ఊడ్పులకే తిరిగిపోతాడు. ఒకే బోదె (చిన్న పంట కాలువ) కింద, చేలు ఆనుకుని ఉన్న ముగ్గురిని ఒప్పించండి. ఒకరికొకరు ధైర్యం. పైగా మొలక నిలదొక్కుకునేదాకా చేలో నీళ్లు నిలవకూడదు కదా, పక్క చేని నీరు వచ్చిపడే గొడవా తగ్గుతుంది.

3. ముగ్గురిలో ఒక్కరైనా కౌలురైతు ఉండాలి. పెద్ద కామందు వేస్తే "ఆయన నష్టం తట్టుకుంటాడులే" అంటారు. ఆ మాట నిజం కూడా.

4. మనిషికి అరెకరం చాలు. దారి పక్కన, ఊడ్చిన చేను పక్కనే ఉండేలా చూడండి.