బండి బాగోగులు: గేర్‌బాక్స్ దించే ముందు ఒకసారి పైన చూడండి

ప్రశ్న: మాది 1998 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి. నాన్నగారు కొన్నది. కొంతకాలంగా పార్కింగ్‌లో ఇంజన్ ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. సింహాచలం కొండెక్కి దిగితే మాడు వాసన కూడా వస్తోంది. మెకానిక్ కింద దూరి చూసి, మెయిన్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి అన్నాడు. ఖర్చు విన్నాక ఇంట్లోవాళ్లు అమ్మేయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: బండి అమ్మొద్దు. గేర్‌బాక్స్ కూడా ఇప్పుడే దించనివ్వొద్దు. మీ మెకానిక్ అబద్ధం చెప్పాడని కాదు, మెయిన్ సీల్ అంటే క్రాంక్‌షాఫ్ట్ గేర్‌బాక్స్ వైపు కొసన ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు. అది పోతే చుక్క పడేది నిజంగా ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోటే. కానీ ఈ 796 సీసీ ఇంజన్‌లో పైన కారిన ఆయిల్ కూడా చివరికి అక్కడికే చేరుతుంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, అదే షెడ్డుల్లో డెల్కో అంటాం, హెడ్డుకి (ఇంజన్ పై భాగానికి) గేర్‌బాక్స్ వైపు చివర ఉంటుంది. దాన్ని తిప్పేది హెడ్డులో వాల్వులు నడిపే క్యామ్‌షాఫ్టే కాబట్టి లోపల ఎప్పుడూ ఆయిల్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి దాని ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) గట్టిపడిపోతుంది. అప్పుడు ఆయిల్ సన్నగా ఊరి, హెడ్డు అంచు వెంట జారి, బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉంచే గేర్‌బాక్స్ ముందు భాగం) మీదుగా దిగి, అచ్చం మెయిన్ సీల్ పోయినట్టే కింద చుక్క కడుతుంది. స్లాబు కారినప్పుడు నీళ్లు పడేది ఒకచోట, బీట ఉండేది ఇంకోచోట కదా, ఇదీ అంతే. కింద పడుకుని చూస్తే తెలిసేది చుక్క సంగతి మాత్రమే. గాజువాక ఆటోనగర్‌లో పనిచేసినన్నాళ్లూ ఈ బండి వస్తే నేను ముందు చేయి పెట్టి తడిమింది డెల్కో కిందే.

మీరు చెప్పిన మాడు వాసన కూడా పైవైపే చూడమంటోంది. టాపెట్ కవర్ (హెడ్డు మీది రేకు మూత) ప్యాకింగ్ దగ్గర కారిన ఆయిల్, పొగ బయటికి పోయే వేడి మానిఫోల్డ్ మీద పడితే ఆ వాసన వస్తుంది. అదొక్కటే రుజువు కాదనుకోండి, కింద సైలెన్సర్ పైపు మీద పడినా మాడుతుంది. అయినా వాసన వస్తుంటే అశ్రద్ధ చేయకండి, ఎర్రగా కాలే మానిఫోల్డ్ మీద ఆయిల్ పడడం నిప్పుతో పని.

ముందుగా ఇంజన్ కడిగించండి. ఈ ఒక్క మాట కోసమే ఇంత రాస్తున్నాను. జిడ్డు పేరుకున్న ఇంజన్ మీద లీకు వెతకడం దండగ, పాత తడికీ కొత్త తడికీ తేడా తెలియదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక డెల్కో, కార్బురేటర్, ఆల్టర్నేటర్‌లకు పాలిథీన్ కవర్లు గట్టిగా చుట్టి, డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, తక్కువ ప్రెషర్‌లో నీళ్లు పట్టించాలి. బాగా ఆరనివ్వండి. తర్వాత అనుమానం ఉన్న చోట్ల మామూలు టాల్కం పౌడర్ చల్లండి. టాపెట్ కవర్ అంచు, డెల్కో కింద, ఆయిల్ ప్రెషర్ స్విచ్ చుట్టూ, ఆయిల్ ఫిల్టర్ మొదట్లో. కొమ్మాది దాకా వెళ్లి వచ్చి, ఇంజన్ ఆపి, టార్చ్ పట్టుకుని చూడండి. తెల్లటి పౌడర్ మీద గోధుమరంగు గీత ఒకటి దిగుతుంది. దాని పైకొస ఎక్కడుందో చూడండి. అన్నిటికన్నా ఎత్తున తడి ఉన్నచోటే లీకు. ఒక్కసారికి ఏమీ కనిపించకపోతే ఇంకా కొన్ని రోజులు తిప్పి చూడండి. బండి నడిచేటప్పుడు గాలికి ఆయిల్ వెనక్కి కొట్టుకుపోతుంది, కొండెక్కేటప్పుడు వెనక్కి జారుతుంది. అందుకే వెనక భాగం తడిసి ఉంటే కంగారుపడి తీర్పు చెప్పేయకూడదు.

రాత్రి బండి కింద ఒక అట్ట పరిచి, పొద్దున్న చుక్క వాసన కూడా చూడండి. గంధకంలా ఘాటుగా ఉంటే అది గేర్ ఆయిల్, దాని కథ వేరే. ఇంజన్ ఆయిల్ అయితే గోధుమరంగు నుంచి నలుపు దాకా ఉంటుంది, కాస్త మాడిన వాసన ఉంటుంది.

డెల్కో దగ్గరే అని తేలితే పని చిన్నదే. విప్పే ముందు డెల్కో బాడీకీ హెడ్డుకీ కలిపి ఒక గీత గీయించండి, క్యాప్ కింద తిరిగే రోటర్ ఎటు చూస్తోందో కూడా గుర్తు పెట్టించండి. లేకపోతే టైమింగ్ (ప్లగ్గు నిప్పు పడే సమయం) తప్పి బండి గుంజదు. కొత్త ఓ-రింగ్‌కి ఆయిల్ రాసి ఎక్కించి, గీత కలిపి బిగించి, టైమింగ్ లైట్‌తో ఒకసారి సరిచూసుకోవాలి. క్యాప్ తీస్తే లోపల కూడా ఆయిల్ కనిపిస్తే మాత్రం షాఫ్ట్ సీలు కూడా పోయినట్టే. టాపెట్ కవర్ అయితే కొత్త ప్యాకింగ్ వేయించండి. కారుతోంది కదా అని బోల్టులు ఇంకా బిగిస్తే రేకు కవర్ వంగి ఇంకా ఎక్కువ కారుతుంది. అనాబాండ్ (ప్యాకింగ్‌కి పూసే జిగురు) ధారాళంగా పూయడం ఇంకా ప్రమాదం. లోపలికి పిండుకున్న ముక్కలు ఊడి ఆయిల్ జాలీకి అడ్డం పడ్డాయంటే ఇంజన్‌కి ఆయిలే అందదు.

ఏ సీలు మార్చినా మళ్లీ కారుతుంటే సీలు తప్పు కాదు, లోపలి గాలి బయటికి పోవడం లేదన్నమాట. టాపెట్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్ వైపు వెళ్లే బ్రీదర్ పైపు మడ్డి పట్టి మూసుకుపోతే ఆ ఒత్తిడి ఆయిల్‌ని ఎక్కడ సందు ఉంటే అక్కడ తోసేస్తుంది. పైపు ఊడదీసి కడగండి. తర్వాత కూడా ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున గాలి కొడుతుంటే, పిస్టన్ రింగులు అరిగాయేమో కంప్రెషన్ చూపించండి.

మనది సముద్రం ఊరు. బీచ్ రోడ్డు దగ్గర పార్కింగ్ అయితే కింద ఆయిల్ ఛాంబర్‌ని కూడా తప్పకుండా తడిమి చూడండి. ఉప్పు గాలికి రేకు తుప్పు పట్టి, సూదిబెజ్జం పడి, అక్కడి నుంచీ చెమర్చడం ఉంది. డ్రెయిన్ బోల్టు వాషర్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాలి, చాలామంది పాతదే బిగించేస్తారు.

ఇవన్నీ పొడిగా ఉండి, బెల్ హౌసింగ్ లోపల నుంచే తడి వస్తుంటే అప్పుడు మీ మెకానిక్ మాటే నిజం. గేర్‌బాక్స్ దించక తప్పదు. దించినప్పుడు క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా చూసుకోండి, అదే కూలీలో పని అయిపోతుంది. అందాకా రోజూ పొద్దున్నే డిప్‌స్టిక్ చూసి, కింది గీత దాటి తగ్గకుండా ఆయిల్ పోస్తూ ఉండండి. పై గీత మాత్రం దాటించకండి. రోడ్డు మీద ఎర్ర ఆయిల్ లైట్ వెలిగితే, ఇంకో ఫర్లాంగే కదా అనుకోకుండా అక్కడికక్కడే ఇంజన్ ఆపేయండి.

ప్రశ్న: లీకు ఆపే మందు డబ్బా ఇంజన్‌లో పోస్తే సరిపోతుందని పెట్రోల్ బంకులో చెప్పారు. నిజమా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: అవి గట్టిపడిన రబ్బరుని కొంచెం ఉబ్బేలా చేస్తాయి. చెమర్చే సీలు కొన్నాళ్లు ఆగవచ్చు. చిరిగిన ప్యాకింగ్‌కి, అరిగిన సీలుకి, తుప్పు బెజ్జానికి మాత్రం పనికిరావు. నేనైతే పోయనివ్వను. ఆ డబ్బు ప్యాకింగ్ మీద పెట్టండి.

ప్రశ్న: మావారు, మా అబ్బాయి కలిసి ఇంట్లోనే ఆయిల్ మారుస్తారు. తీసిన ఆయిల్ ఎక్కడ పారబోయాలి?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: ఎక్కడా పారబోయకూడదమ్మా. మన ఊళ్లో కాలువలో పోసింది గెడ్డలోకి, గెడ్డలోంచి సముద్రంలోకే పోతుంది. వాడిన ఆయిల్ చట్టప్రకారం కూడా ప్రమాదకర వ్యర్థమే. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి, నీళ్లు, కూలెంట్ కలవకుండా దాచండి. సర్వీసు సెంటర్లో అడిగితే తీసుకుంటారు, వాళ్ల దగ్గరి నుంచి రీసైక్లింగ్ వాళ్లు పట్టుకెళ్తారు. పాత ఫిల్టర్‌ని కూడా ఒక రాత్రి బోర్లించి, కారిన ఆయిల్ అదే డబ్బాలో పోయండి.